పునాది, నిల్వ, వాటా

మన విమర్శలో పునాది అన్న మాటకున్నంత గిరాకీ మరో మాటకు లేదు. పునాది–ఉపరితలం అన్న జంటను కవిత్వాన్ని గురించి మాట్లాడేటప్పుడూ వాడతాం, కుటుంబాన్ని గురించి మాట్లాడేటప్పుడూ వాడతాం, ఆఖరికి సినిమా పాటను తిట్టవలసి వచ్చినా వాడతాం. నేనూ తరగతిలో వాడుతున్నాను. ఆర్థిక సంబంధాలు పునాది, కళలూ చట్టమూ మతమూ దానిమీద లేచిన కట్టడమూ అని చెబితే విద్యార్థులు శ్రద్ధగా రాసుకుంటారు. అయితే ఒక మాటను అలంకారంగా ఎక్కువకాలం వాడితే, అది ఏ వస్తువునుంచి పుట్టిందో ఆ వస్తువే మరుగున పడుతుంది. పునాది అంటే మొదట ఒక గొయ్యి. మనుషులు దిగి తవ్వే గొయ్యి. పని పూర్తి అయిన తరువాత పూడ్చివెయ్యటానికని తవ్వే గొయ్యి. నేనిక్కడ మాట్లాడదలచుకున్నది ఆ గోతిని గురించి.

ఇప్పుడే ఎందుకని అడగవచ్చు. సూర్యరశ్మి నుంచీ గాలి నుంచీ కరెంటు తియ్యటం మన దేశంలో బాగా పెరిగింది. కాని సూర్యుడు సాయంత్రం ఆరింటికి వెళ్ళిపోతాడు, జనం దీపాలు వేసుకునేది అప్పుడే. పగటి కరెంటును రాత్రికి దాచిపెట్టే సాధనం లేకపోతే బొగ్గు పొయ్యి ఆరదు. అందుచేత నిల్వ కేంద్రాలు లేస్తున్నాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో గుమ్మితం తండా దగ్గర 2022 మే 17న పిన్నాపురం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 3,000 మెగావాట్ల సౌరవిద్యుత్తు, 550 మెగావాట్ల పవనవిద్యుత్తు, వాటిని దాచటానికి నీటిని ఎత్తి దించే 1,680 మెగావాట్ల కేంద్రం, అన్నీ కలిపి ఒకే పథకం, ఒకే ప్రైవేటు కంపెనీది. ఆ తరువాత రాష్ట్రంలో ఇటువంటి ప్రతిపాదనలు అనేకం వచ్చాయి. ఇవి అవసరమా అన్నది నా ప్రశ్న కాదు, అవసరమే. నా ప్రశ్న వేరు. ఒక నిల్వ కేంద్రానికి పునాది తవ్విన వారికీ, ఆ పునాది కింద పోయిన నేలను నమ్ముకుని బతికిన వారికీ, ఆ కేంద్రం దాచిపెట్టే దానిలో న్యాయమైన హక్కు ఉన్నదా? ఉంటే అది రోజు కూలితోనో, ఒకసారి చేతిలో పెట్టే పరిహారంతోనో తీరిపోతుందా?

దీనికి సమాధానం వెతకటానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లం కర్నూలు దాకా పోనక్కరలేదు. మనకు నాగార్జునసాగర్ ఉన్నది. సాగర్‌ను మనం కాలువల ప్రాజెక్టుగానే తలుస్తాం. అది నిల్వ కేంద్రం కూడా. ఆనకట్ట పాదంలో ఉన్న విద్యుత్‌గృహంలో ఒకటి 110 మెగావాట్ల మామూలు యంత్రం, మిగిలిన ఏడూ ఒక్కొక్కటి 100.8 మెగావాట్ల తిరుగుడు యంత్రాలు. అంటే ఒక వైపు తిరిగితే పైనుంచి పడే నీటితో కరెంటు ఇస్తాయి, రెండోవైపు తిరిగితే కరెంటు పుచ్చుకుని కింది నీటిని పైకి తోడతాయి. కరెంటు మిగిలిపోయే వేళ తోడటం, కరెంటుకు కటకటలాడే వేళ వదలటం. నూరు యూనిట్లు పెట్టి తోడితే తిరిగి వచ్చేది డెబ్భై అయిదు, ఎనభై. మిగిలింది ఖర్చు. అంత నష్టానికి ఎందుకు ఒప్పుకుంటారంటే, అక్కరలేని వేళ యూనిట్టుకూ అక్కరపడిన వేళ యూనిట్టుకూ విలువలో అంత తేడా ఉంటుంది గనక. నిల్వ కేంద్రం అమ్మే సరుకు నిజానికి కరెంటు కాదు, ఆగగలగటం. ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. తరువాత మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆ తిరుగుడు యంత్రాలు 1980–85 మధ్య ఒకటొకటిగా వచ్చాయి. కాని తోడటానికి కింద నీళ్లు నిలవాలి కదా! వదిలిన నీరు వదిలినట్లే పులిచింతల వైపు, ప్రకాశం బ్యారేజీ వైపు వెళ్ళిపోతే ఏది తోడుతారు? దిగువన ఒక చిన్న ఆనకట్ట కట్టి నీటిని నిలపాలని మొదటినుంచీ తెలుసు. సుమారు 21 కిలోమీటర్ల దిగువన, రెంటచింతల మండలం సత్రశాల దగ్గర ఆ ఆనకట్ట పనులు ఈ శతాబ్దంలోగాని మొదలు కాలేదు. అంతదాకా, తోడే యంత్రాలున్నా తోడే పనికి నోచుకోని కేంద్రంగానే సాగర్ కేంద్ర విద్యుత్ సంస్థ జాబితాలకు ఎక్కుతూ వచ్చింది. పనులు సాగుతుండగానే 2014లో రాష్ట్రం రెండయింది. పై విద్యుత్‌గృహం తెలంగాణకు, కింది చెరువు ఆంధ్రకు పోయాయి. ఒకే నిల్వకు తల ఒకచోట, పాదం ఒకచోట. ఇది మన పరిపాలన మీద వేళాకోళానికి పనికివచ్చే సంగతే గాని, ఇందులో ఒక పాఠం కూడా ఉన్నది. పైభాగం ఎంత ఘనంగా లేచినా అడుగు సంగతి చూడకుండా వదిలేస్తే నిల్వ నిల్వ కాదు.

ఇక ఆ పై ఆనకట్ట అడుగు సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అప్పటికి ఒక ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, ఒక ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. ఇటువంటి కట్టడాలు మానవత్వానికి కట్టే కొత్త ఆలయాలని ఆయన ఆనాడు అన్న భావం తరువాత పాఠ్యపుస్తకాలకు ఎక్కి బాగా అరిగిపోయింది. నదిలో పునాది వెయ్యాలంటే ముందు నదిని పక్కకు తప్పించాలి. మట్టితో, రాతితో అడ్డుకట్ట వేసి, ప్రవాహాన్ని ఒక పక్కకు మళ్లించి, ఎండిన పక్క ఇసుకనూ కుళ్ళిన రాతినీ గట్టి శిల తగిలేదాకా తియ్యాలి. శిలలో పగుళ్ళు కనిపిస్తే పుచ్చుపన్నును తొలిచినట్లు తొలిచి నింపుతారు. ఇంజనీర్లు దాన్ని పన్ను వైద్యమనే పిలుస్తారు. ఆపైన లోతుగా బెజ్జాలు వేసి సిమెంటు పాలను ఒత్తిడితో ఎక్కిస్తారు. శిలను నీటితో కడిగి, గాలితో ఊది, చేతితో తడిమి చూసిన తరువాతగాని మొదటి రాయి పడదు. ఇదంతా వరద వచ్చేలోపల ఒక మట్టానికి రావాలి.

సాగర్ ప్రత్యేకత ఏమంటే దాన్ని కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. సిమెంటుకు కొరత, యంత్రాలు కొనటానికి విదేశీ ద్రవ్యానికి కొరత. మనుషులకు మాత్రం కొరత లేదు. పునాది నుంచి సుమారు 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ గోడలో యంత్రం కన్నా మనిషి చెయ్యి తాకిన రాళ్ళే ఎక్కువ. ప్రపంచంలోని రాతి ఆనకట్టలలో అది అతి పెద్దదని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వానికి అసలు అర్థం, మనుషుల చెమట సిమెంటు కన్నా చౌకగా దొరికిన దేశమని.

ఆ మనుషులు ఎవరు? రాతిపనిలో, మట్టిపనిలో తరతరాలుగా ఉన్న వడ్డెర కుటుంబాలు. పాలమూరు నుంచి వలసవచ్చిన కూలీలు. పాలమూరు కూలీ అన్న మాట దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా వినిపించేది. ఊళ్ళో కరువుకాలంలో గుంపు మేస్త్రీ వచ్చి కొంత సొమ్ము ముందుగా చేతిలో పెట్టేవాడు. ఆ అప్పు తీరేదాకా కుటుంబమంతా అతను చెప్పిన చోట, చెప్పిన రేటుకు పనిచెయ్యాలి. ఇది ఒక రకమైన కొనుగోలు. ఆకలి ఆగనివ్వని నెలలో మనిషి రాబోయే సంవత్సరపు శ్రమను నాసి ధరకు ముందే అమ్ముకున్నాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. కుడికాలువ గుంటూరు మీదుగా ప్రకాశం వైపు సాగింది. పాలమూరుకు ఆ నీటిలో చుక్క రాలేదు. అక్కడినుంచి వలస ఆగనూలేదు.

ఈ సందర్భంలో మన సభల్లో వెంటనే వినిపించే పేరు శ్రీశ్రీది. కట్టడాలకు రాళ్ళెత్తిన కూలీల మాటేమిటని ఆయన "దేశచరిత్రలు"లో అడిగాడు. దాదాపు అదే కాలంలో జర్మనీ నుంచి వెళ్ళగొట్టబడిన బ్రెహ్ట్, చదువుకునే శ్రామికుని నోట అదే ప్రశ్న పెట్టాడు. ఆనాడు అది చరిత్ర రచన మీద పడిన దెబ్బ. కాని ఈనాడు మనం ఆ ప్రశ్నను చదివి చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతున్నామేమోనని నాకు అనుమానం. ప్రశ్న అడగటమే సమాధానమైపోయింది. పేర్లు తెలియకపోవటం అన్యాయమే. అయితే పేర్లు తెలిసినంతమాత్రాన అన్యాయం పోతుందా?

సాగర్ అడుగుననే దీనికి ఒక దృష్టాంతం ఉన్నది. ఆనకట్ట నీటిలో మునిగిన లోయ మూడవ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో ఆ శిథిలాలు బయటపడ్డాయి. ఆనకట్ట ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను కొన్నిటిని విప్పి కొండమీదికీ, అనుపుకీ తరలించి మళ్ళీ పేర్చారు. అక్కడి స్తూపాల పునాదులు చూడదగ్గవి. బండిచక్రం ఆకారంలో నడుమ కుంభీ, ఆకులూ, చుట్టూ కమ్మీ ఉన్నట్లు గోడలు పోసి, వాటి మధ్య ఖాళీలను మట్టితో నింపారు. పైన సున్నం పూసి మెరుగుపెట్టిన తరువాత ఆ చక్రం ఎవరికీ కనిపించదు. కనిపించనిదాన్ని అంత శ్రద్ధగా కట్టారంటే ఆ పనివారి మీద గౌరవం కలుగుతుంది. మహాచైత్యపు స్తంభాల మీద దానం చేసిన రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి పేరు ఉన్నది. అంతకన్న ముఖ్యమేమంటే, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం చివర పనిని పర్యవేక్షించిన భిక్షువుల పేర్లతో పాటు రాతిపని చేసిన విధికుని పేరు కూడా ఉన్నది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక శిల్పి పేరు రాతికి ఎక్కింది! మంచిదే. మరి విధికుని పిల్లలకు ఆ విహారానికి వచ్చే దానాల్లో భాగమున్నదా? శాసనంలో ఆ మాట లేదు. సాగర్ దగ్గర కూలీలందరి పేర్లూ పాలరాతి మీద చెక్కించినా ఇదే ప్రశ్న మిగులుతుంది. స్మరణ ఒకటి, వాటా ఒకటి. మొదటిది చౌక గనక పాలకులు దాన్ని ఇవ్వటానికి సిద్ధంగానే ఉంటారు.

శ్రమవల్ల హక్కు పుడుతుందన్న వాదానికి యూరపులో పెద్ద వ్యాఖ్యాత పదిహేడవ శతాబ్దపు జాన్ లాక్. మనిషి తన శ్రమను దేనితో కలుపుతాడో అది అతనిది అని చెప్పాడు. వినటానికి మన పక్షపు మాటలాగే ఉంటుంది. కాని అదే చోట ఆయన, తన నౌకరు కోసిన గడ్డిపెళ్ళలు కూడా తన ఆస్తేనని ఏ సంకోచమూ లేకుండా చేర్చాడు. నౌకరు శ్రమ యజమాని శ్రమగా ఎప్పుడు మారింది? జీతమిచ్చినప్పుడు. మార్క్స్ ఆ మార్పిడిలోని మర్మాన్ని విప్పాడు. పెట్టుబడి అంటే గడిచిపోయిన శ్రమ, నిర్జీవ శ్రమ. అది బతికి ఉన్న శ్రమ మీద పెత్తనం చేస్తుంది. నిల్వ అన్న మాటను ఈ వెలుతురులో చూస్తే, ఆనకట్ట వెనక నిలిచినది నీరొక్కటే కాదని తెలుస్తుంది. అయితే ఇంతవరకు మనకు తెలిసినదే. నేను దీనికి మన నేలనుంచి ఒక సంగతి చేర్చదలచుకున్నాను.

గుంటూరులో నిల్వ అనగానే ఎవరికైనా తోచేది కోల్డ్‌స్టోరేజి. మిరప కోసి, కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీలకెత్తి యార్డుకు తెస్తాడు రైతు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అందరి సరుకూ ఒకేసారి వస్తుంది గనక ధర పడిపోతుంది. ఆగగలిగినవాడు కోల్డ్‌స్టోరేజిలో పెట్టి ఆరేడు నెలలు చూస్తాడు. ఎవడు ఆగగలడు? సొంత భూమి ఉన్నవాడు, అప్పు లేనివాడు, లేదా రైతు దగ్గర కొని పెట్టుకున్న వ్యాపారి. కౌలు రైతు ఆగలేడు. కౌలు డబ్బు పంటకు ముందే ఇచ్చుకున్నాడు. పురుగుమందుల అప్పు కమీషన్ ఏజెంటు దగ్గర ఉన్నది. సరుకు అతని కొట్టుకే చేరాలి. అంతకు రెండేళ్ళ ముందు క్వింటాలు 20 వేలు దాటిన మిర్చికి, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 11,781 రూపాయల లెక్కన 2.91 లక్షల టన్నులకు మార్కెట్ జోక్యం ప్రకటించవలసి వచ్చింది. ఆ ప్రకటన వచ్చేసరికే తెగనమ్ముకున్నవాళ్ళు ఎవరో వేరే చెప్పాలా? 1987–88లో తెల్లదోమ దెబ్బకు పత్తి పోయి ఈ రెండు జిల్లాల రైతులు పురుగుమందే తాగినప్పుడు కూడా మొదట కూలినవాళ్ళలో కౌలుదారులున్నారు. పంట పోవటం అందరికీ వచ్చే ఆపద. వచ్చే పంటదాకా నిలవలేకపోవటం కొందరికే వచ్చే ఆపద.

అంటే మిర్చి రైతుకు తెలిసిన సత్యం ఇది: సరుకు కన్నా, సరుకును ఆపగల శక్తి పెద్ద ఆస్తి. నిల్వ గిడ్డంగి కాలాన్ని రెండు వర్గాలుగా విడదీస్తుంది. ఆగలేనివాని నుంచి చౌకగా కొని, ఆగినవానికి ప్రియంగా అమ్మే వీలు కల్పిస్తుంది. విద్యుత్తు నిల్వ కేంద్రం చేసేదీ సరిగ్గా ఇదే పని, మధ్యాహ్నపు చౌక కరెంటుకూ రాత్రి ప్రియపు కరెంటుకూ మధ్య. దీనిలో తప్పేమీ లేదు. రాత్రి ఆసుపత్రిలో దీపం వెలగాలి. కాని ఆ కేంద్రం పునాది దగ్గర జరిగే బేరాన్ని ఈ కళ్ళతో చూడండి. గోతిలో దిగిన కూలి, ఆకలి ఆగనివ్వదు గనక, రోజు కూలికి శ్రమ అమ్ముతాడు. నేల పోగొట్టుకున్నవాడు, ఊరంతా కదులుతున్నది గనక, ఆ నెలలో ఇచ్చిన పరిహారం తీసుకుంటాడు. ఒక్కసారి, ఒక్క ధర. దానిమీద లేచిన కేంద్రమేమో నలభై, యాభై ఏళ్ళపాటు రోజూ ఆగి ఆగి అమ్ముతుంది. కల్లంలోనే తెగనమ్ముకున్న మిర్చికీ, పునాదిలో పోయిన నేలకూ, శ్రమకూ ఈ విషయంలో భేదం లేదు. నష్టపరిహారం ఎంత ఎక్కువ ఇచ్చినా అది ఆగలేనివాని దగ్గర చేసిన కొనుగోలే. అందుచేత నా ప్రశ్నకు నా సమాధానం: హక్కు ఉన్నది, అది ఒకసారి చెల్లించే సొమ్ముతో తీరదు, నిల్వ వల్ల ఏటా వచ్చే రాబడిలో వాటాగానే అది తీరుతుంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి నా సహాధ్యాపకులు తెచ్చారు. ఆశ్చర్యమేమంటే అది సాగర్‌కు పేరిచ్చిన తత్వవేత్త వైపు నుంచే వస్తుంది. ఆచార్య నాగార్జునుడు ఆ లోయలో నివసించాడన్నది సంప్రదాయమే గాని నిర్ధారణ అయిన చరిత్ర కాదు. ఆ సంగతి అలా ఉంచుదాం. "మూలమధ్యమక కారిక"లో ఆయన వాదన సారాంశం, ఏదీ తనంతట తాను నిలిచి ఉండదని. ప్రతిదీ ఇతరాలను ఆశ్రయించి పుడుతుందని. ఆయన లెక్కన ఆఖరి పునాది అన్నది లేదు. ఆనకట్ట రాతిమీద, రాయి కూలిమీద, కూలి తిన్న జొన్నమీద, జొన్న ఎక్కడో రైతుమీద ఆధారపడతాయి. అట్లా అయితే వాటా ఎవరెవరికి ఇస్తారు, గొలుసు ఎక్కడ తెంపుతారు? అందరికీ రుణపడితే ఎవరికీ చెల్లించనక్కరలేదన్న వాదం పెట్టుబడిదారుకు చాలా సుఖమైన వాదం.

దీన్ని తేలికగా తోసెయ్యకూడదు. నిజంగానే శ్రమ చేసిన ప్రతివాడికీ లెక్కగట్టి వాటా పంచటం ఎవరి వల్లా కాదు. కాని పరస్పరాశ్రయం అంటే అందరూ ఒకే విధంగా ఆశ్రయించి ఉన్నారని అర్థం కాదు. సిమెంటు అమ్మిన కంపెనీ ఆనకట్టకు ఆధారమే. అమ్మటం వల్ల దాని నిలవగల శక్తి పెరిగింది. యంత్రాలు అమ్మినవాడూ అంతే. గొలుసులో ఎవరి ఆగే శక్తి ఈ నిర్మాణం వల్ల హరించుకుపోయిందో వాళ్ళ దగ్గర మనం ఆగాలి. ఏటేటా కౌలుకు చేసుకునే చేను పోయినవాడు, పశువులను మేపుకునే బీడు పోయినవాడు, గుంపు మేస్త్రీ అప్పుకింద గోతిలో దిగినవాడు. వీళ్ళు ఎవరో లెక్కపెట్టలేనంతమంది కారు. ఒక ఊరి కరణానికి పూర్వం వేళ్ళమీద తెలిసే లెక్క అది.

ప్రభుత్వరంగంలో ఉంటే చాలదా అని మరికొందరు మిత్రులు అడుగుతారు. ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండటం కన్నా మేలే, సందేహం లేదు. సాగర్ ప్రభుత్వానిదే కనక కుడికాలువ కింద లక్షల ఎకరాలు తడిశాయి; ఆ తడిసిన నేల మీద పుట్టిన మిగులుతో గుంటూరులో కళాశాలలూ, సినిమా హాళ్ళూ, కోల్డ్‌స్టోరేజిలూ లేచాయి. నాలాంటి ఉపాధ్యాయులు దాని ఫలమే. ఈ మేలును కాదనటం నిజాయితీ కాదు. కాని ఆ మేలు ఎటు పారింది? భూమి ఉన్న వైపు పారింది. కాలువ చివరన ప్రకాశం జిల్లా భూములకు నీరు అందని ఏళ్ళు ఎన్నో. 1981లో శ్రీశైలం ముంపు గ్రామాల జనాన్ని ఖాళీ చేయించిన తీరు చూస్తే, ప్రభుత్వరంగం కూడా పునాది దగ్గరి మనిషిని ఎంత తొందరగా విదిలించుకోగలదో అర్థమవుతుంది. యాజమాన్యం ఎవరిదన్నది మొదటి ప్రశ్న. రాబడి ఏ ప్రమాణం మీద పారుతుందన్నది రెండోది. మొదటిదానికి సమాధానం దొరికిందని రెండోదాన్ని మనం చాలాకాలం అడగలేదు.

రేపు మన మైదానాల్లో బ్యాటరీల నిల్వ కేంద్రాలో, సబ్‌స్టేషన్లో లేస్తే పునాది ఏ నేలలో పడుతుంది? నల్లరేగడిలో. కట్టడాలకు దీనికన్నా చెడ్డ నేల లేదంటారు ఇంజనీర్లు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు తీస్తుంది, మీది గోడను ఎత్తి పడేస్తుంది. అందుకని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950లలోనే ఒక ఉపాయం రూపొందించింది. నేల కదలాడే పొర దాటేదాకా, సుమారు మూడున్నర మీటర్లు, సన్నని బావిలా తొలిచి, అడుగున ఉల్లిగడ్డలాగా వెడల్పు చేసి, అందులో కాంక్రీటు పోస్తారు. పైన నేల ఎంత ఆడినా ఆ గడ్డ పట్టి ఉంచుతుంది. ఇంజనీరుకు శత్రువైన ఈ గుణమే రైతుకు ప్రాణం. ఉబ్బే ఆ బంకమట్టి వానాకాలపు తేమను పట్టి ఉంచుతుంది గనకనే వానలు వెళ్ళిన తరువాత కూడా పత్తి చెట్టు కాయ కాస్తుంది. నల్లరేగడి స్వయంగా ఒక నిల్వ. దానిమీద వేరొక నిల్వను కట్టేటప్పుడు, మొదటి నిల్వ ఎవరి జీవనాధారమో లెక్క చూడటం న్యాయం.

చట్టంలో ఈ లెక్కకు చోటు అసలే లేదనను. 2013 భూసేకరణ చట్టం, భూమి లేకపోయినా అక్కడ మూడేళ్ళుగా పనిచేస్తున్న కూలీలనూ, కౌలుదారులనూ, పాలికాపులనూ ప్రభావిత కుటుంబాలుగా గుర్తించింది. సామాజిక ప్రభావ అధ్యయనం జరగాలన్నది. కాని భూమిని సేకరించక, కంపెనీ భూయజమానితో నేరుగా ఏళ్ళ లీజు రాసుకుంటే వ్యవహారం ఆ రక్షణ దాకా రాదు. లీజు సొమ్ము ఏటేటా యజమానికి ముడుతుంది. చూడండి విచిత్రం: ఏటా వాటా ఇవ్వటం అసాధ్యమని కూలి విషయంలో చెప్పేవారే భూయజమాని విషయంలో దాన్ని నిక్షేపంగా అమలు చేస్తున్నారు! చేను దున్నిన కౌలుదారుకు మాత్రం వచ్చే ఏడు చేను ఉండదు. తాను కౌలుదారునని రుజువు చేసుకోవటానికి 2019లో రాష్ట్రంలో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తానన్నది. దానికి యజమాని సంతకం కావాలన్నది. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో యజమానులు పెట్టలేదు. కార్డు లేనివాడు అప్పుకు పనికిరాడు, పరిహారానికి పనికిరాడు, రేపు వాటా అడగాలన్నా తానున్నానని చూపటానికి కాగితం ఉండదు.

కనక మొదట కావలసింది జాబితా. నిల్వ కేంద్రం వచ్చే చోట నేల బిగువు తెలుసుకోవటానికి ముందుగా గొట్టాలు దించి మట్టి నమూనాలు తీస్తారు. యంత్రం ఊళ్ళోకి వచ్చిన ఆ నాటికే, సర్వే నంబరు వారీగా ఆ పొలాన్ని గత మూడేళ్ళూ ఎవరు సాగు చేశారో, ఎవరు కలుపు తీశారో, ఏ మంద ఆ బీడులో మేసిందో రాసి, గ్రామసభలో చదివి ఉంచాలి. యజమాని సంతకం అక్కరలేదు; ఇరుగుపొరుగు చేలవాళ్ళ సాక్ష్యం చాలు. పనిలో దిగే కూలీల హాజరుపట్టీలు గుంపు మేస్త్రీ సంచిలో కాక పంచాయతీ దగ్గర ఉండాలి. వాటా ఎంత శాతమన్నది ఆ తరువాత తేల్చుకోవచ్చు. అడిగేవాడెవరో తెలియకుండా శాతాల మీద వాదించి లాభం లేదు. మన కళాశాలల్లో చదివే పిల్లల్లో సగం మంది ఇళ్ళలో ఈ సమాచారం నోటిమీద ఉంటుంది. అద్దంకి వైపు నుంచీ, దర్శి, పొదిలి వైపు నుంచీ వచ్చే విద్యార్థులు కొందరు, ఈ వేసవి సెలవుల్లో తమ ఊళ్ళలో ఒక్కొక్క చెరువు కింది కౌలు లెక్క రాసుకు రావటానికి ఒప్పుకున్నారు. పుస్తకానికి గళ్ళు నాలుగు: సర్వే నంబరు, పట్టాదారు, సాగుదారు, ఎన్నేళ్ళుగా.